గీత గీయకముందే మాట్లాడాలి

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు సర్దుకుందాం.

ఇవాళ మాట్లాడుకునేది రోడ్ల గురించి, ఊరి ప్లాను గురించి, వాటికి కౌన్సిల్ ఇచ్చే మద్దతు గురించి. ఏ ఊళ్లో అయినా ఇది జరిగే తీరు మీకు తెలుసు. కౌన్సిల్ సమావేశంలో ఒక అంశం వస్తుంది, ఫలానా రోడ్డు వెడల్పుకు, ఫలానా పాత మార్కెట్‌ని పడగొట్టి కొత్తది కట్టడానికి ఈ సభ మద్దతు తెలుపుతోంది అని చదువుతారు, ఎవరూ కాదనరు, తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. పేపర్లో చిన్న వార్త వస్తుంది. అక్కడ చదివింది ఏమిటో ఆ వీధిలో ఉన్నవాళ్లకి తెలిసేసరికి భూమి కొలిచే అమీన్ టేపు పట్టుకుని గుమ్మంలో ఉంటాడు.

ముందే చెప్పేస్తాను, నేను రోడ్లకి వ్యతిరేకం కాదు. ఈ ఊరికి పాతికేళ్ల ముందుచూపుతో ప్లాను కావాలి, రింగ్ రోడ్డు కావాలంటే అదీ రావాలి, పెద్దాసుపత్రికి అంబులెన్స్ ఆగకుండా వెళ్లాలి. కౌన్సిల్ మద్దతు ఇవ్వాలనే నేనూ అంటాను. కాకపోతే ఆ మద్దతు మ్యాపు మీద గీత గీయకముందు రావాలి, షరతులతో రావాలి. గీత పడ్డాక ఇచ్చే మద్దతు వల్ల ఊరికి ఒరిగేది ఏమీ లేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదని చూపించడానికి మిమ్మల్ని కాసేపు అమెరికా తీసుకెళ్తాను, ఎందుకంటే ఈ పనిని వాళ్లు డెబ్బై ఏళ్ల కిందట మొదలుపెట్టారు, మంచీ చెడూ రెండూ ఇప్పుడు కంటికి కనిపిస్తున్నాయి.

అక్కడ రెండు చట్టాలు. 1949లో హౌసింగ్ యాక్ట్ వచ్చింది. ఊరి నడిబొడ్డున పాతబడ్డ పేటలు ఉంటాయి కదా, వాటిని నగరం కొని, కూలగొట్టి, చదును చేసి, ఆ స్థలాన్ని తక్కువ ధరకి బిల్డర్లకి ఇవ్వొచ్చు. కొన్న ఖర్చుకీ అమ్మిన ధరకీ మధ్య వచ్చే నష్టంలో మూడింట రెండు వంతులు కేంద్రం భరిస్తుంది, మిగతా ఒక వంతు నగరం పెట్టుకోవాలి. 1954లో ఆ చట్టాన్ని సవరించి దీనికి అర్బన్ రిన్యూవల్ అని పేరు పెట్టారు. తర్వాత 1956లో హైవే చట్టం. 41,000 మైళ్లు, అంటే దాదాపు 66,000 కిలోమీటర్ల హైవేలు, 2,500 కోట్ల డాలర్లు. అందులో 90 శాతం కేంద్రానిది, మిగతా 10 శాతం రాష్ట్రాలది.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. పేటల పునర్నిర్మాణానికి నగరం పెట్టాల్సింది ఒక వంతు, అది కూడా అంతా నగదుగా పెట్టక్కర్లేదు, ఆ పేట దగ్గర కట్టిన బడినో, వేసిన వీధినో తన వాటా కింద చూపించుకోవచ్చు. హైవేకి అయితే నగరం ఖజానాలోంచి దాదాపు ఏమీ కదలదు. మీరు కౌన్సిల్ మెంబర్ అయితే ఏం చేస్తారు? ఢిల్లీ నుంచి డబ్బు వస్తుంటే వద్దనే కార్పొరేటర్ ఎక్కడుంటాడు! అక్కడి వాళ్లూ వద్దనలేదు. రెండు పథకాల్నీ కలిపేశారు, పాత పేటని కూలగొట్టడం, ఆ ఖాళీలోంచే హైవే తీసుకెళ్లడం. ఒక్కసారి మొదలయ్యాక ఆ పని ఆగలేదు. పాతికేళ్లలో అలాంటి పునర్నిర్మాణ ప్రాజెక్టులు వందల ఊళ్లలో నడిచాయి, ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చిన వాళ్లని పది లక్షల పైనే అని లెక్క కట్టారు. అందులో నల్లజాతి వాళ్ల వాటా వాళ్ల జనాభాకి మించి ఉంది.

అన్నీ చెప్పను, ఒక ఊరు మాత్రం చెప్తాను, మన ఊరి సైజుది. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్. కొడాక్ కెమెరా కంపెనీ ఊరు, పెళ్లి ఆల్బమ్‌ల రోజుల్లో ఆ పేరు చూడని ఇల్లు లేదు. 1950 జనాభా లెక్కల్లో అక్కడ 3,32,488 మంది. మన బరంపురం 2011 లెక్కల్లో మూడున్నర లక్షల పైచిలుకు. అంటే రమారమి ఒకటే. అక్కడ ఊరి మధ్య వ్యాపార కేంద్రం చుట్టూ ఇన్నర్ లూప్ అని ఒక చుట్టు రోడ్డు కట్టారు, 1952లో మొదలుపెట్టి 1965కి పూర్తి చేశారు. చాలా చోట్ల నేల లోపలికి తవ్వి, గోతిలో నాలుగు, ఆరు వరసల రోడ్డు వేశారు. శివార్ల నుంచి కార్లలో వచ్చేవాళ్లు గబగబా దిగి కొనుక్కుని వెళ్తారు, కొట్లు కళకళలాడతాయి అని అప్పటి ఆలోచన. చెడ్డ ఆలోచన అనలేం, అప్పటికి ఇంజినీర్లకి తెలిసింది అదే.

జరిగింది ఇంకోటి. గోతికి ఇవతల ఊరి మధ్య, అవతల జనం ఉండే పేటలు. నడిచి వచ్చేవాడు వంతెన ఉన్నచోటికి చుట్టు తిరిగి రావాలి. ఆనుకుని ఉన్న ఇళ్లకి ధర పడిపోయింది. గబగబా రావడానికి వేసిన రోడ్డు మీద జనం గబగబా వెళ్లిపోయారు కూడా, శివార్లలో ఇళ్లు కట్టుకుని అక్కడే కొట్లు పెట్టుకున్నారు. 2020 లెక్కల్లో ఆ ఊరి జనాభా 2,11,328. ఇదంతా ఒక్క రోడ్డు వల్లే అంటే అబద్ధం ఆడినట్టు అవుతుంది. ఫ్యాక్టరీల ఉద్యోగాలు పోయాయి, తెల్లవాళ్లు నల్లవాళ్ల పొరుగు వద్దని కదిలిపోయారు, ఇంకా కారణాలున్నాయి. కానీ ఆ లూప్ ఎందుకూ అక్కరకు రాలేదని ఊరే ఒప్పుకుంది. 2014 నుంచి 2017 వరకు తూర్పు వైపు ముక్కని మట్టి పోసి పూడ్చారు. పైన మామూలు వీధి వేశారు, ఇప్పుడక్కడ ఇళ్లు, కొట్లు లేచాయి. తవ్వడానికి ఒకసారి, పూడ్చడానికి ఒకసారి ప్రజల డబ్బు.

డెట్రాయిట్‌లో హేస్టింగ్స్ వీధి అని ఉండేది. నల్లవాళ్లని ఊళ్లో వేరేచోట ఇల్లు కొననిచ్చేవాళ్లు కాదు, కాబట్టి వాళ్ల మందుల షాపులు, బార్బర్ షాపులు, హోటళ్లు, పాటల క్లబ్బులు అన్నీ ఆ చుట్టుపక్కలే. పక్కనున్న బ్లాక్ బాటమ్ పేటని పునర్నిర్మాణం పేరుతో కూలగొట్టారు. కూలగొట్టాక కొత్తవి కట్టే బిల్డరు ఏళ్ల తరబడి దొరకలేదు, ఆ జాగా పిచ్చిమొక్కలు పెరిగి పడి ఉంది. తర్వాత 1960ల మొదట్లో క్రైస్లర్ ఫ్రీవే వచ్చి హేస్టింగ్స్ వీధి మీంచే వెళ్లింది. ఆ కొట్లు నడిపిన వాళ్లలో చాలామంది అద్దెవాళ్లు. పరిహారం గోడకీ కప్పుకీ వస్తుంది, అది ఓనరుకి పోతుంది. పాతికేళ్లుగా వస్తున్న గిరాకీకి పరిహారం ఏ లెక్కలో రాస్తారు? ఆ హైవే చివరి ముక్కని తీసేసి మళ్లీ నేలబారు రోడ్డుగా మార్చడానికని 2022లో వాళ్ల కేంద్రం 10 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసింది. ఆ కొట్ల వాళ్లు ఇప్పుడు ఎక్కడ నుంచి వస్తారు?

ఇప్పుడు కాదన్న ఊరి సంగతి. శాన్ ఫ్రాన్సిస్కో. అక్కడ కౌన్సిల్‌ని బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అంటారు. వాళ్లు కూడా మొదట్లో ఫ్రీవేల ప్లాను బాగుందనే అన్నారు. పది ఫ్రీవేల దాకా మ్యాపు మీద గీశారు. సముద్రం ఒడ్డున ఎంబార్కడెరో అని రెండంతస్తుల ఫ్రీవే లేవడం మొదలయ్యాక, పాత ఫెర్రీ బిల్డింగ్ దాని వెనక దాగిపోయాక, ఓహో ఇది ఇలా ఉంటుందా అని జనానికి కళ్లు తెరుచుకున్నాయి. పేట పేటకీ సంఘాలు కట్టి, సంతకాలు సేకరించి, సభలకి గుంపులుగా వచ్చి కూర్చున్నారు. 1959 జనవరిలో బోర్డు ఆ పదింటిలో ఏడింటికి వద్దని తీర్మానం చేసింది. కేంద్రం ఇచ్చే 90 శాతం డబ్బుని వద్దంది! 1966లో రెండు ముఖ్యమైనవి మళ్లీ ఓటుకి వస్తే వాటినీ తిప్పికొట్టింది.

వాళ్ల తీర్మానానికి అంత బలం ఎక్కడిది అంటే, కాలిఫోర్నియా చట్టంలో ఒక నియమం ఉంది, ఫ్రీవే కోసం నగరం వీధిని మూయాలంటే నగరంతో ఒప్పందం ఉండాలి. రాష్ట్రం దగ్గర డబ్బుంది, ఇంజినీర్లున్నారు, కానీ వీధి మూయడానికి సంతకం కౌన్సిల్ చేతిలో ఉంది. ఆ ఒక్క సంతకం విలువ ఏమిటో జనం వాళ్లకి గుర్తు చేశారు. ఎంబార్కడెరో సంగతి అంత తేలిగ్గా తేలలేదు లెండి, 1986లో దాన్ని తీసేద్దామా అని ఓటు పెడితే జనమే వద్దన్నారు, ట్రాఫిక్ ఏమైపోతుందో అని భయం. 1989 అక్టోబరు భూకంపంలో అది దెబ్బతింది, 1991లో కూల్చారు. ఇప్పుడక్కడ ట్రామ్ వెళ్తుంది, జనం నడుస్తారు, ట్రాఫిక్‌తో ఊరేమీ ఆగిపోలేదు.

ఆ గొడవల తర్వాతే అక్కడ చట్టాలు మారాయి. 1962 హైవే చట్టం ఏమందంటే, 50,000 జనాభా దాటిన పట్టణ ప్రాంతంలో 1965 జూలై తర్వాత కేంద్రం డబ్బు కావాలంటే రాష్ట్రమూ స్థానిక సంస్థలూ కలిసి కూర్చుని, రవాణా ఒక్కటే కాకుండా ఇళ్లూ భూమీ అన్నీ చూసుకుంటూ, ఎప్పటికప్పుడు సవరించుకునే ప్లాను ఉండాలి. 1970లో ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చే వాళ్లకి, అద్దెవాళ్లతో సహా, సాయం తప్పనిసరి చేస్తూ ఇంకో చట్టం వచ్చింది. 1974లో ఆ పాత పునర్నిర్మాణ పథకాన్నే ముగించేశారు. చట్టం మంచిదే, కాకపోతే హేస్టింగ్స్ వీధికి ఆలస్యం అయిపోయింది.

సరే, ఇంటికొద్దాం.

మన ఊరు కొత్తగా పుట్టింది కాదు. 1867 నుంచి మున్సిపాలిటీ, 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ, 2008లో కార్పొరేషన్. ఎన్.హెచ్.16 ఊరిని ఆనుకుని పోతుంది, ఎన్.హెచ్.59 ఇక్కడికొచ్చి కలుస్తుంది, గోపాలపురం పోర్టు లారీలున్నాయి, మెడికల్ కాలేజీకి గంజాం, గజపతి, ఫుల్బానీ వైపు నుంచే కాకుండా ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా జనం వస్తారు. ఒకప్పుడు ఊరి బయట అనుకున్న హైవేకి ఇప్పుడు రెండు వైపులా కాలనీలు. కాబట్టి ఊళ్లో రోడ్ల మీద ఒత్తిడి ఉంది, లేదంటే ఎవరూ నమ్మరు. పెద్ద బజారులో సాయంత్రం ఆరింటికి సైకిల్ నడిపించి చూడండి.

అదే పెద్ద బజారు పక్కనుంచి నేత వీధుల్లోకి తిరగండి. మన దేరా నేతవాళ్లు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గం పెట్టారని పెద్దలు చెప్పుకుంటారు. బరంపురం పట్టుకి 2012లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరిని సిల్క్ సిటీ అంటాం, స్వాగత తోరణాల మీద అదే రాసుకుంటాం. ఆ పట్టు తయారయ్యే ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. ఎదర గది, దాని వెనక గది, ఆ వెనక వంటిల్లు, రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. నేతగాడి కాళ్లు కిందికి దిగాలి కాబట్టి గుంట మగ్గం అయితే నేల కావాలి, మూడో అంతస్తు ఫ్లాటులో గుంట తవ్వలేరు. పడుగు సాచాలంటే పొడవు కావాలి, ఇంట్లో లేకపోతే పొద్దున్నే వీధిలో సాచుకుంటారు. ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతూ ఉంటారు. ఇప్పుడు ఒక పేటని బాగుచేస్తాం, మీకందరికీ పక్కా ఫ్లాట్లు ఇస్తాం అని ఎవరైనా మంచి మనసుతోనే వచ్చారనుకుందాం. ఫ్లాటు వస్తుంది, మగ్గం పోతుంది. ఆ ప్లానులో మగ్గానికి జాగా ఎక్కడ అని మొదటి రోజే అడిగేవాడు ఒకడుండాలి. ఇంజినీరుకి ఎలా తెలుస్తుంది, ఆయన కటక్ నుంచో ఢిల్లీ నుంచో వస్తాడు. కార్పొరేటరుకి తెలుసు, ఆ వీధిలో ఓట్లడిగినవాడు.

ఠాకురాణి యాత్ర సంగతి కూడా అంతే. రెండేళ్లకోసారి చైత్రంలో అమ్మవారు దేశీ బెహెరా వీధికి పుట్టింటికి వస్తుంది, రాత్రుళ్లు ఊరేగింపు సందు సందూ తిరుగుతుంది, వేషాలు, బాజాలు, తల మీద ఘటాలు పెట్టుకున్న ఆడవాళ్లు. అమ్మవారు తిరిగే దారిలో డివైడర్ వేస్తే, ఫ్లైఓవర్ స్తంభం వస్తే ఏం చేస్తాం? దీన్ని సెంటిమెంటు అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. కానీ లక్షల మంది కాలినడకన తిరిగే దారి ఏదో మ్యాపు మీద గుర్తు పెట్టుకోవడం కూడా ట్రాఫిక్ ప్లానింగే.

ఇప్పుడు ఎవరు ఏది నిర్ణయిస్తారో చూద్దాం, ఇక్కడే మనవాళ్లు తికమక పడతారు. జాతీయ రహదారి కేంద్రానిది. ఊరి మాస్టర్ ప్లాను డెవలప్‌మెంట్ అథారిటీది, 1982 నాటి ఒడిశా చట్టం కింద. మనం ఓటేసి ఎన్నుకునేది కార్పొరేషన్‌ని, 2022లో అయితే మేయర్‌ని కూడా నేరుగా మనమే ఎన్నుకున్నాం. రోడ్డు ఒకరిది, ప్లాను ఒకరిది, ఓటు ఇంకొకరికి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది, దాని వెంట వచ్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనులు 18 రాశారు, అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మొట్టమొదటిది! ముప్పై ఏళ్లు దాటినా దేశంలో చాలాచోట్ల ఆ పని వేరే సంస్థల చేతుల్లోనే ఉంది. అదే సవరణలో 243ఎస్ అనే అధికరణ ఉంది, జనాభా 3 లక్షలు దాటిన మున్సిపాలిటీలో వార్డు కమిటీలు ఉండాలి అంటుంది. మనం ఆ గీత దాటిన ఊరు. వార్డు కమిటీ కూర్చుని మాట్లాడితే, దాని మినిట్స్ కౌన్సిల్‌కి వెళ్తే, అక్కడి తీర్మానానికి బరువు వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉన్నలాంటి సంతకం మన కౌన్సిల్ చేతిలో లేదు, నిజమే. అందుకే ఇంకా ముందు మాట్లాడాలి మనం.

ఎంత ముందు? జాతీయ రహదారికి భూమి తీసుకునే పద్ధతి 1956 జాతీయ రహదారుల చట్టంలో ఉంది. సెక్షన్ 3ఎ కింద నోటిఫికేషన్ వస్తుంది, ఈ ప్లాట్లు కావాలి అని. అక్కడ నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఆ తర్వాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్రానికి చెందిపోతుంది, ఇక మిగిలేది పరిహారం బేరమే. 21 రోజులంటే మనింట్లో ఒక పెళ్లి హడావుడిలో గడిచిపోతాయి. అసలు ఆ నోటిఫికేషన్ వచ్చేసరికే దారి ఖాయమైపోయి ఉంటుంది, ఎందుకంటే దానికి ముందే కన్సల్టెంట్లు వచ్చి, రెండు మూడు అలైన్‌మెంట్లు, అంటే రోడ్డు వెళ్లగల దారులు చూసి, డీపీఆర్ అని ప్రాజెక్టు రిపోర్టు రాసి, ఒకటి ఎంచేసి ఉంటారు. మన కౌన్సిల్ మాట్లాడాల్సింది ఆ డీపీఆర్ రాస్తున్న రోజుల్లో. అప్పుడు గీతని ఇటు జరపడానికి రబ్బరు చాలు, తర్వాత అయితే హైకోర్టు కావాలి.

ఇంకో సంగతి, ఇది మన తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. ఆ 3ఎ నోటిఫికేషన్ సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. ఇక్కడ స్థానిక భాష అంటే ఒడియా. బాగానే ఉంది, రాజ్యభాష అది. కానీ మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒడియా ఝామ్మని మాట్లాడతారు, చదవమంటే చదవలేరు. అరవై దాటిన మా బంధువుల్లోనే ఎంతమంది ఉన్నారో. పేపర్లో ప్లాట్ నంబరు, ఖాతా నంబరు అచ్చయినా పక్కన పెట్టి పడుకుంటారు. ఆ భూమి పట్టా చూడండి, అందులో కిసం, అంటే భూమి రకం అని ఒక గడి ఉంటుంది. ఇల్లు కట్టి నలభై ఏళ్లయినా ఆ గడిలో ఇంకా పొలం అనే ఉండొచ్చు, ఘరబారిగా, అంటే ఇంటి స్థలంగా మార్పించుకుని ఉండరు. ప్రభుత్వ విలువ ఆ గడిని బట్టే కడతారు. పొలానికి ఒక రేటు, ఇంటి స్థలానికి ఒక రేటు. నోటిఫికేషన్ వచ్చాక మార్పించుకుంటాం అంటే కుదరదు. ఇంటికెళ్లి రాత్రికే బీరువాలోంచి పట్టా తీసి, పిల్లల చేత ఆ గడి చదివించుకోండి.

మరి కౌన్సిల్ తీర్మానంలో ఏముండాలి? ఈ ప్రాజెక్టుకి మద్దతు ఇస్తున్నాం అని ఒక వాక్యం రాయనివ్వండి, నాకు అభ్యంతరం లేదు, దాని కింద ఇంకో పేజీ ఉండాలి. చూసిన అలైన్‌మెంట్లు అన్నీ వార్డు ఆఫీసులో గోడకి అంటించాలి, ఒడియాలోనూ తెలుగులోనూ. ఏ దారిలో ఎన్ని ఇళ్లు, ఎన్ని అద్దె కొట్లు, ఎన్ని మగ్గాలు పోతాయో కౌన్సిల్ తన మనుషుల చేత లెక్క వేయించుకోవాలి, కన్సల్టెంట్ లెక్క మీద ఆధారపడకూడదు. కూలగొట్టేముందు, మారే చోటు కట్టి ఉండాలి. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న పేటలు నడిచి దాటే చోట్లు ముందే గుర్తించాలి. రోచెస్టర్ గొయ్యి చెప్పాను కదా, ఇక్కడ గొయ్యి అక్కర్లేదు, ఎత్తుకట్ట వేసి ఆరు వరసలు పరిస్తే చాలు, బడికి వెళ్లే పిల్లలు కిలోమీటరు చుట్టు తిరుగుతారు.

కట్ట అన్నాను కాబట్టి నీళ్ల మాట. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి ఇక్కడ ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ వచ్చింది, పలాస వైపు తీరం దాటినా మన గంజాం, గజపతి మునిగాయి. ఎత్తుకట్ట మీద రోడ్డు వేస్తే అది ఒక గట్టే. కింద తూములు సరిపడా లేకపోతే నీళ్లు ఎగువ పేటలో నిలబడిపోతాయి. రోడ్డు వేసేటప్పుడు తూము ఖర్చు చిన్నది, రోడ్డు వేసేశాక తూము పెట్టాలంటే రోడ్డు కోయాలి. పాతికేళ్ల ప్లాను అని పేరు పెట్టి పాతికేళ్ల తుఫాన్లని లెక్కలోకి తీసుకోకపోతే అది ప్లాను ఎలా అవుతుంది?

మరి ఇవన్నీ రాస్తే ప్రాజెక్టు వేరే ఊరికి పోతుంది అని భయపెట్టేవాళ్లుంటారు. పోదు. సముద్రానికీ కొండలకీ మధ్య ఈ సన్నటి నేల మీదే రైలు, హైవే రెండూ పోవాలి, పోర్టు ఇక్కడే ఉంది, మెడికల్ కాలేజీ ఇక్కడే ఉంది. మన అవసరం వాళ్లకీ ఉంది. ఇంకో మాట, షరతులు ముందే రాసుకున్న చోట పని త్వరగా అవుతుంది. కోర్టు స్టేలతో సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చూశాం, స్తంభాలు లేచి పైన ఏమీ లేకుండా ఏళ్లు నిలబడతాయి. గీత గీసే రోజున అడగనివ్వకపోతే జనం కోర్టులో అడుగుతారు, తేడా అంతే.

ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుందాం. అమ్మా, మీరు అడగండి. మైకు ఆవిడకి ఇవ్వండి బాబూ.

"బాబూ, మాది అద్దె కొట్టు. ఇరవై ఏళ్లుగా జాకెట్టు ముక్కలు, ఫాల్సు అమ్ముకుంటున్నాం. ఓనరు బిల్డింగు పోతే ఆయనకి డబ్బు వస్తుంది. మాకేంటి?"

మంచి ప్రశ్న అడిగారమ్మా, హేస్టింగ్స్ వీధి వాళ్ల ప్రశ్నే ఇది. మనకి 2013 భూసేకరణ చట్టం ఉంది, పరిహారం, పునరావాసం విషయంలో అది జాతీయ రహదారులకి కూడా 2015 నుంచి వర్తిస్తుంది. ఆ చట్టంలో బాధిత కుటుంబం అంటే భూమి ఓనరు ఒక్కడే కాదు, అంతకుముందు మూడేళ్లుగా అక్కడ పని చేసుకుంటూ అదే ముఖ్యమైన బతుకుతెరువు అయిన అద్దెదారులు, చేతిపని వాళ్లు కూడా వస్తారు. చిన్న వ్యాపారికి, చేతివృత్తి వాళ్లకి ఒక్కసారి ఇచ్చే సాయం 25,000 రూపాయలకి తగ్గకూడదని షెడ్యూల్లో రాసి ఉంది. ఇరవై ఏళ్ల గిరాకీకి 25,000 ఏ మూలకి అంటారా? నేనూ అదే అంటాను. అది కనీసం మాత్రమే, అంతకంటే ఎక్కువ ఇప్పించమనీ, కొత్త మార్కెట్లో పాత అద్దెదారులకి ముందు కొట్లు కేటాయించాలనీ తీర్మానంలో రాయించాల్సింది కౌన్సిల్ చేతే. కానీ ఆ 25,000 అయినా రావాలంటే మూడేళ్లుగా మీరు అక్కడ ఉన్నట్టు కాగితం కావాలి. నోటి మాట మీద అద్దె ఇస్తున్నవాళ్లు రేపటి నుంచి రసీదు అడగండి, ఇవ్వనంటే ఫోన్ పే చేయండి, అదీ సాక్ష్యమే. కరెంటు బిల్లు, ట్రేడ్ లైసెన్సు ఒక కవర్లో పెట్టుకోండి. రోడ్డు పక్క బండి వాళ్లకైతే 2014 వీధి వ్యాపారుల చట్టం వేరే ఉంది, సర్వే అయ్యేదాకా లేపకూడదు, మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఆ వెనక బాబాయి గారు, చెప్పండి.

"ఇవన్నీ బాగున్నాయి నాయనా, మన కార్పొరేటర్ వింటాడా? వాళ్లకి పైనుంచి ఫోన్ వస్తే చెయ్యెత్తుతారు."

వస్తుంది బాబాయి గారూ, ఫోన్ వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో వాళ్లకీ వచ్చే ఉంటుంది. కింద నుంచి కూడా ఫోన్లు రావాలి కదా ఆయనకి. ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు మనం, వీధి లైటుకి చేశాం, కుళాయికి చేశాం, ప్లాను గురించి ఒక్కరం చేయలేదు. వచ్చే సమావేశం ఎజెండాలో రోడ్డు అంశం ఉందా, ఉంటే దాని వెనక కాగితాలు ఏమున్నాయి అని అడగడానికి మన దగ్గర సమాచార హక్కు చట్టం ఉంది. ఒక దరఖాస్తు నమూనా ఒడియాలో రాయించి తెచ్చాను, బయట బల్ల మీద పెట్టాం. ప్లాట్ నంబరు, వార్డు నంబరు నింపి సంతకం పెడితే చాలు, ఒడియా రాని వాళ్లకి నింపిపెట్టడానికి ఇద్దరు అమ్మాయిలు కూర్చున్నారు, తొమ్మిదింటి దాకా ఉంటారు.